పక్షులు చెప్పు పాఠము

జంతువులనుండి మనుష్యుడు నీతిని గ్రహింపవచ్చునని పెద్దలు తొల్లినుండి చెప్పుచున్నారు. 1853లో వెలువడిన చిన్నయసూరిగారి నీతిచంద్రికను చదివిన బాలునకు కాకియు, ఎలుకయు, తాబేలును, లేడియు మిత్రధర్మమును బోధించును. అది మంచిదే. కాని ఆ కథలలో మాటలాడునది మృగము కాదు. మృగము నోట మనుష్యుడే మాటలాడుచున్నాడు. నిజమైన ప్రాణిని కన్నులార చూచి నేర్వవలసిన పాఠము వేఱొకటి కలదు. చిట్టమూరు సీమవారికి ఆ పాఠశాల వాకిటనే యున్నది.

చిట్టమూరు పులికాట్ సరస్సు నంటియున్న ప్రదేశము. ఈశాన్యపు వానలు కురిసిన పిమ్మట ఆ సరస్సు లోతులేని నీటిలో ఫ్లెమింగో పక్షులు బారులు తీరి నిలుచును. హంస నీటినుండి పాలను వేఱుచేయునని కవులు చెప్పిరి. ఈ పక్షి పాలను వేఱుచేయదు. తల క్రిందుచేసి ముక్కును నీట ముంచి, అందలి జల్లెడవంటి పొరలతో బురదనీటినుండి నాచును, సూక్ష్మజీవులను వడకట్టుకొనును. దాని మేని గులాబివన్నె ఆ యాహారమునుండి వచ్చినదే. కల్పనకంటె సత్యమే యెక్కువ యాశ్చర్యకరమని యిందువలన తెలియుచున్నది.

ఇట్టి కల్పనలు మన దేశమునకే పరిమితములు కావు. గూడబాతు తన రొమ్మును చీల్చుకొని నెత్తుటితో పిల్లలను పోషించునని మధ్యయుగమున ఐరోపావారు నమ్మిరి. ఆ బొమ్మను తమ ప్రార్థనాలయములలో చెక్కించిరి. దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టు చెఱువునకు పోయి చూచినచో నిజము గోచరించును. నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. ఆడుపక్షియు మగపక్షియు వంతులు వేసికొని సుమారు 30 దినములు గ్రుడ్లు పొదుగును. పిమ్మట రెండును చేపలు మ్రింగి తెచ్చును. పిల్లలు తలలను వాని గొంతులోనికి దూర్చి తినును. ఇందు రొమ్ము చీల్చుకొనుట లేదు. ఎడతెగని శ్రమ కలదు. పిల్లల పెంపకము ఆడువారి పనియే యని పీటపై కూర్చుండు తండ్రికి ఈ పక్షిని చూచిన సిగ్గు కలుగవలదా?

అయినను ప్రాణులు చేయునదంతయు ధర్మమని మేము చెప్పము. ఒక్క గూటిలోనే బలముగల పిల్ల బలహీనమైన దానిని త్రోసి, దాని యాహారమును లాగికొనుటయు కలదు. దానిని చూచి అన్న తమ్ముని భాగము నపహరింపవచ్చునని యెవరును వాదింపరు. కావున జంతువు మనకు శాస్త్రము కాదు. చూచుటకు కన్నును, ఎన్నుకొనుటకు వివేకమును భగవంతుడు మనకే యిచ్చినాడు.

ఆ వివేకము ఆచరణమున ఎట్లుండునో నేలపట్టు రైతులు చూపిరి. పక్షుల రెట్ట కలసిన చెఱువునీరు పొలమునకు ఎరువగునని వారు గమనించిరి. గమనించి పక్షులకు హాని చేయక కాపాడిరి. వన్యప్రాణి సంరక్షణ శాసనము 1972లో వచ్చినది. 1976లో ఆ చోటు పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. శ్రీకాకుళము సీమలోని తేలినీలాపురమునందును గ్రామస్థులు తమ చెట్లపై గూళ్లు కట్టు కొంగలను, గూడబాతులను కాపాడుచున్నారు. న్యాయవాదవృత్తిలోనున్న మేము శాసనమును తక్కువచేయము. కాని శాసనము ప్రతి చెట్టుక్రిందను రాత్రింబవళ్లు కావలి యుండజాలదు. ప్రక్కనున్న గ్రామము యొక్క అంతఃకరణమే అక్కడ కావలివాడు.

ఇక మన యిండ్ల సంగతి విచారింతము. దొంగభక్తిని కొంగజపమని నిందించు మనము, పొలములోని నత్తలను ఏరి తిని రైతునకు మేలుచేయు నత్తగుల్లకొంగను తలపము. ఇంటికప్పుపై గుడ్లగూబ కూసిన చావు వచ్చునని వణకుదుము. ఱాళ్లు రువ్వి చంపుదుము. ఆ గుడ్లగూబ రాత్రియంతయు వరిచేలలో ఎలుకలను పట్టుచు మన గింజలను కాపాడుచున్నది. చావు తెచ్చినది పక్షి కాదు. పక్షికి మనమే తెచ్చితిమి. మూఢవిశ్వాసము ఉపకారిని శత్రువుగా చూపును. శ్రద్ధతోకూడిన చూపు శత్రువనుకొన్నదానిని ఉపకారిగా చూపును.

కావున తల్లిదండ్రులారా, నీతికథ చెప్పిన నోటితోనే బాలునిచేతికి ఉండేలు ఇయ్యకుడు. వానిని చెఱువుకట్టకు తీసికొనిపోయి, ఒక్క జాము ఊరక కూర్చుండి చూడుమనుడు. తాను చూచినదానిని చెప్పుమని అడుగుడు. శకునము చూచువాడు తన భయమును మాత్రమే చూచును. ప్రాణిని చూచువాడు సత్యమును చూచును. సత్యమును చూడనేర్చిన బాలుడు దయను వేఱుగ నేర్వనక్కఱలేదు.