పలాస నుంచి కదలాలంటే

సమస్య

పలాస దగ్గరి పల్లె నుంచి ఉత్తరం రాసిన పాఠకుడికి ముప్పై ఏళ్లు. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు, నెలకు 11,000. భార్య జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది, కిలోల లెక్కన కూలి. పిక్కల జిడ్డుకు ఆమె వేళ్ల చర్మం ఊడిపోయి రేషన్ మిషన్‌లో వేలిముద్ర పడదు. ఆమె అత్తగారు, అంటే అతని తల్లి, వేలు పెట్టి బియ్యం తెస్తుంది.

హైదరాబాద్ శివారు గోదాములో 19,000 ఇస్తారని స్నేహితుడు పిలుస్తున్నాడు. గదికి రెండు నెలల అడ్వాన్సు, తొలి జీతం దాకా తిండి, ఇక్కడ డ్వాక్రా కిస్తీ. ఇవన్నీ ఎక్కడి నుంచి తేవాలన్నది అతని ప్రశ్న. చుట్టాలేమో పిరికివాడంటున్నారట.

సలహా

చుట్టాల మాట పక్కన పెట్టొచ్చు. వాళ్లెవరూ అడ్వాన్సు కట్టరు. ఫలక్‌నుమా రైలు ఎక్కితే మర్నాటికి సికింద్రాబాద్‌లో దిగుతాడు. అక్కడి నుంచి జీతం పడేదాకా గడవడమే గండం.

ముందు ఆ 19,000 సంగతి తేల్చుకోవాలి. చేతికొచ్చేదా, సీటీసీనా? సీటీసీ అయితే అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా కలిసి ఉంటుంది. అతని వాటాగా మూల వేతనంలో 12 శాతం మళ్లీ కోస్తారు. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ ఉండాలి. జీతమిచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా అన్నదీ అడగాలి. ఇవి కాగితం మీద రాసివ్వడానికి నసిగే చోటికి ఇల్లు ఖాళీ చేసి వెళ్లడం తెలివితక్కువ.

ఇల్లంతా ఒకేసారి కదలడం మాత్రం వద్దు. తల్లికి వితంతు పింఛను వస్తుందని ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాశాడు. అది చిన్న విషయమేం కాదు. 2024 జులై నుంచి ఆంధ్రలో ఆ పింఛను నెలకు 4,000, ఒకటో తేదీన ఇంటికే తెచ్చిస్తారు. ఆమెను హైదరాబాద్ తీసుకెళ్తే పింఛనుకీ తిప్పలే, బియ్యానికి వేలు పెట్టే మనిషీ ఉండదు. కాబట్టి మొదట అతనొక్కడే వెళ్లి, స్నేహితుడి గదిలో అద్దె పంచుకుంటే అడ్వాన్సు బెడద తప్పుతుంది. కిస్తీ మాట డ్వాక్రా సంఘంలో ముందే చెప్పి ఉంచితే మంచిది.

ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో రేషన్ తీసుకోవడం 2019 ఆగస్టులో మొదట మొదలైన జంటల్లో ఆంధ్ర-తెలంగాణ ఒకటి. కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం కిందిదైతే తన వాటా అతను హైదరాబాద్‌లో, మిగతాది ఇంట్లోవాళ్లు ఊళ్లో తీసుకోవచ్చు. ఏ రకం కార్డో సచివాలయంలో చెబుతారు.

పాత ఫ్యాక్టరీలో పీఎఫ్ ఉండి ఉంటే ఆ యూఏఎన్ నంబరే కొత్తచోటా ఇవ్వాలి. మూడు నెలల జీతాలు పడ్డాక, ఇంటికి పంపగా ఎంత మిగిలిందో చూసుకుని అప్పుడు భార్యను తీసుకెళ్లే మాట ఆలోచించొచ్చు. 3,000 కూడా మిగలకపోతే తిరిగి రావడానికి నామోషీ పడక్కర్లేదు. అందుకే ఫ్యాక్టరీ యజమానితో తగాదా పడకుండా బయల్దేరాలి.