బోరు నీళ్లు, కారు మీద తెల్ల మచ్చలు

ప్రశ్న: ఆదివారం ఆదివారం ఇంటి దగ్గరే బోరు నీళ్లతో కారు కడుగుతాను. ఆరాక తెల్ల మచ్చలు తేలుతున్నాయి. వ్యాక్స్ వేస్తే పోతాయా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: పోవండీ, వ్యాక్స్ కింద అలాగే ఉండిపోతాయి. అవి బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు ఆవిరైపోయినా అవి పెయింటు మీదే మిగులుతాయి. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో మచ్చల మీద అద్ది, నిమిషంలోపే మంచినీళ్లతో కడిగేయండి. ఇకమీదట ఎండెక్కక ముందే, నీడలో, టాపు నుంచి కిందికి కడగండి. నీళ్లు ఆరేలోపే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయడమే అసలు కిటుకు. బట్టల సర్ఫు మాత్రం వద్దు, ఉన్న వ్యాక్స్‌ను కూడా లాగేస్తుంది. మచ్చలు పోయి, బాడీ పూర్తిగా ఆరాకే వ్యాక్స్. అదీ పలచగా. దట్టంగా పట్టిస్తే మెరుపు పెరగదు, తుడవలేక మీ చేతులు పడిపోతాయి.