జిక్రీత్ గుట్టలు: నేల మిగిల్చిన ఆనవాళ్లు

తిరుమల కొండలను చూచిన కన్నులకు ఖతార్ దేశపు కొండలు కొండలుగా తోచవు. ఇక్కడి అత్యున్నత స్థలమైన ఖురైన్ అబూ అల్ బౌల్ ఎత్తు సముద్రమట్టానికి 103 మీటర్లే. అయినప్పటికీ దోహాకు పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన, జిక్రీత్ ద్వీపకల్పంలో, బల్లపరుపు తలలతో నిలిచిన తెల్లని గుట్టలు భూగర్భశాస్త్ర విద్యార్థికి చక్కని పాఠశాల వంటివి. ఈ వాయవ్య ప్రాంతాన్ని యునెస్కో 2007లో అల్ రీమ్ జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది. రీమ్ అనగా ఎడారి జింక.

ఈ గుట్టలు ఒక్కొక్కటిగా పైకి లేచినవి కావు. ఒకప్పుడు నేలమట్టమే వాటి తలలంత ఎత్తున ఉండేది. పైన గట్టి రాతిపొర, దాని క్రింద మెత్తని పొరలు. పైపొర పగిలిన చోటెల్లా క్రింది భాగం కోసుకుపోయింది. పగలని చోట ఆ రాయే గొడుగై తన క్రింది నేలను కాపాడింది. ఆ పాత మట్టాన్ని పిల్లలకు చూపడానికి ఒక సులభమైన సాధనం అక్కడే ఉంది. అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా 2014లో ఒక కిలోమీటరుకు పైగా వ్యాపించేట్లు నాలుగు ఉక్కు పలకలను నిలిపాడు. పలకల ఎత్తులు వేరైనా, వాటి శిఖరాలు పరస్పరం, ఇరుప్రక్కల గుట్టల తలలతోనూ ఒకే మట్టంలో ఉంటాయి. వాటిని కలుపుతూ ఒక గీత ఊహిస్తే పూర్వపు నేల కనబడుతుంది.

కొన్ని శిలలు పుట్టగొడుగుల ఆకారం దాల్చాయి. షమాల్ అనే వాయవ్యపు గాలికి గెంతుతూ సాగే ఇసుక రేణువులు చాలావరకు మీటరు ఎత్తు లోపునే ప్రయాణిస్తాయి; కనుక శిల మొదలే ఎక్కువగా అరుగుతుంది. దీనికి ఉప్పు తోడవుతుంది. సముద్రపు తేమ రాతి రంధ్రాలలో చేరి ఆవిరి కాగా, మిగిలిన లవణ స్ఫటికాలు పెరిగి రాతిని లోపలినుండి పగులగొడతాయి. కోస్తా ఊళ్లలో ఉప్పుపట్టిన గోడలు పెచ్చులూడటం ఎరిగినవారికి ఇది వింత కాదు. ఇదంతా గాలి చలవేనని చెప్పుకోవడం పరిపాటి గాని, అది సగం నిజమే. వేల ఏండ్ల క్రితం అరేబియా ఇంతకంటె తడిగా ఉన్న కాలాలలో నీరు చేసిన పని తక్కువది కాదు.

నేడు కురిసే వర్షం ఏడాదికి సుమారు 80 మిల్లీమీటర్లే. అందువల్ల బాట విడిచిన బండి చక్రాలు నలిపిన మొక్క తిరిగి మొలకెత్తడం అరుదు. చక్రాల జాడ ఏండ్ల తరబడి చెరగదు.

సందర్శకులు మరొకటి గమనించాలి. మధ్యాహ్నపు ఎండలో నీడకై పిల్లలతో చాప పరచుకోవాలనిపించేది ఆ రాతిగొడుగుల క్రిందనే. మొదలు తొలుచుకుపోయి, పైరాయి ఏనాటికైనా విరిగిపడే చోటు కూడా అదే.