రాతి నెర్రెలను చదువు విద్య: పెట్రోలియం భూవిజ్ఞానమున వృత్తిమార్గము

ఇంటర్మీడియట్ ముగించి డిగ్రీలో భూగర్భశాస్త్రమును ఎన్నుకొనదలచిన విద్యార్థిని బంధుమిత్రులు మొట్టమొదట అడుగు ప్రశ్న, “దీనివలన ఉద్యోగమేమి వచ్చును?” అనునది. ఆ ప్రశ్న సమంజసమైనదే గనుక దానికి సూటిగా సమాధానము చెప్పుట పెద్దల విధి. అవక్షేప శిలలు పేరుకొనిన బేసిన్‌లలో చమురును, సహజవాయువును అన్వేషించు పెట్రోలియం భూవిజ్ఞానమును, అందును విశేషించి రాళ్లలో ప్రకృతిసిద్ధముగా ఏర్పడిన నెర్రెలను పరిశీలించు శాఖను నేను అట్టి విద్యార్థికి సూచింతును. ఏలయన, నెర్రెలను చదువనేర్చినవాడు చమురు రంగమున రాణించుటయే గాక, ఆ రంగము ఒడుదుడుకులకు లోనైన కాలమున నీటి అన్వేషణమునందును, భూతాపశక్తియందును నిలదొక్కుకొనగలడు.

శాస్త్రస్వరూపము

చమురు భూగర్భమున చెరువువలె నిలిచియుండదు. అది రాతిరేణువుల నడుమనున్న సూక్ష్మరంధ్రములలోనో, రాతిని చీల్చిన నెర్రెలలోనో నిక్షిప్తమై యుండును. మన కృష్ణా-గోదావరి బేసిన్ దీనికి చక్కని ఉదాహరణము. గోండ్వానా మహాఖండము విచ్ఛిన్నమై, భారతభూభాగము అంటార్కిటికానుండి విడివడిన కాలమున, తూర్పుతీరము వెంబడి నేల బీటలువారి కొన్ని భాగములు క్రుంగిపోగా, కొన్ని మిట్టలుగా నిలిచినవి. భూవిజ్ఞానులు పేర్కొను బాపట్ల మిట్ట, తణుకు మిట్ట అట్లు నిలిచినవే. క్రుంగిన భాగములలో ఇసుకయు, ఒండ్రును, బంకమన్నును పొరలు పొరలుగా పేరుకొనగా, రాఘవాపురం షేల్ వంటి పొరలలోని సేంద్రియపదార్థము భూగర్భపు వేడిమికి పక్వమై చమురుగను, వాయువుగను పరిణమించినది. 1978లో నరసాపురమువద్ద త్రవ్విన బావిలో సహజవాయువు కనబడుటతో ఈ బేసిన్ దేశపు చమురు పటమునకెక్కినది.

ఇసుకరాతిలో రంధ్రములు సమృద్ధిగా నుండును గాన, అందు నెర్రెలు సహాయకములు మాత్రమే. కాని దట్టమైన సున్నపురాతియందును, గ్రానైట్, బసాల్ట్ శిలలయందును రేణువుల నడుమ అవకాశము మిక్కిలి స్వల్పము. అచ్చట ద్రవము కదలుటకు నెర్రెలే శరణ్యము. 1908లో ఇరాన్ దేశమున మస్జిద్ సులేమాన్ వద్ద బయల్పడిన చమురు అస్మరీ సున్నపురాతి నెర్రెలగుండ ప్రవహించినదే. వియత్నాం సముద్రతీరమునకావల బాచ్ హో క్షేత్రమున గ్రానైట్‌నుండియే చమురు తీయుచున్నారు. మన దేశమున అస్సాంలోని బోర్హోల్లా, కావేరీ బేసిన్‌లోని మదానం క్షేత్రములలో పీఠశిలల, అనగా అవక్షేపముల అడుగుననున్న కఠినశిలల, నెర్రెలయందును, గుజరాత్‌లోని పాద్రాలో దక్కన్ బసాల్ట్‌లయందును చమురు లభించినది.

నెర్రె వెడల్పునకును, ద్రవప్రవాహమునకును గల సంబంధము విద్యార్థి హృదయగతము చేసికొనవలసిన సూత్రము. తక్కిన పరిస్థితులు మారకుండ నెర్రె వెడల్పు రెండింతలైనచో, దానిగుండ పారు ద్రవము రెండింతలు గాదు, ఎనిమిదింతలగును. కావుననే తలవెంట్రుక మందమున్న నెర్రెకును, దానికి రెట్టింపు మందమున్న నెర్రెకును నడుమగల భేదము ఒక బావి భవితవ్యమునే నిర్ణయింపవచ్చును. అయితే నెర్రెలన్నియు మేలుచేయునవి గావు. కాల్సైట్ వంటి ఖనిజము నిండి మూసికొనిపోయిన నెర్రె ప్రవాహమునకు అడ్డుగోడయగును. ఏది తెరచియున్నదో, ఏది మూసికొన్నదో, భూగర్భమున ఏ దిక్కునుండి ఒత్తిడి పనిచేయుచున్నదో నిర్ణయించుటయే ఈ వృత్తి సారాంశము.

పని ఎట్లుండును?

బావినుండి వెలికిదీసిన కోర్, అనగా స్తంభాకారపు రాతిముక్క, బల్లపై నుంచబడినదనుకొందము. దానిపై కొన్ని చీలికలు కానవచ్చుచున్నవి. అవి కోటానుకోట్ల వత్సరముల క్రిందటివా, లేక నిన్న డ్రిల్లింగ్ వేళ ఏర్పడినవా అనునది మొదటి ప్రశ్న. చీలిక ముఖమున స్ఫటికములు పెరిగియున్నను, చమురు మరక పట్టియున్నను, శిలలు ఒరసికొనిన గీతలున్నను అది ప్రకృతిసిద్ధమైనదని నమ్మవచ్చును. ముఖము తాజాగా, శుభ్రముగా నుండి, అంచునుండి కోర్ మధ్యభాగమునకు పూరేకువలె వంగివచ్చినచో అది డ్రిల్లింగ్ వలన కలిగినదని శంకింపవలెను. నెర్రెలో నిండిన తెల్లని పదార్థముపై సజల హైడ్రోక్లోరికామ్లపు బొట్టు వేయగా బుసబుస పొంగినచో అది కాల్సైట్. ఒక భూతద్దము, ఒక ఆమ్లపు సీసా, ఓపికగల కన్నులు ఇంతటి తీర్పునకు సాధనములగుట ఈ శాస్త్రమున నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము.

కోర్ తీయుట వ్యయభరితము గనుక, బావి గోడను విద్యుత్పరికరములతో చిత్రీకరించు ఇమేజ్ లాగ్‌లను తరచుగా వాడుదురు. బావి గుండ్రనిది, దాని చిత్రమును విప్పి సమతలముగా పరచినప్పుడు, ఏటవాలు నెర్రె తరంగాకారపు గీతగా కానవచ్చును. కాగితపు గొట్టమును ఏటవాలుగా కోసి విప్పిచూచినవారికి ఈ సంగతి తక్షణమే బోధపడును. తరంగము ఎంత ఎత్తైనదో నెర్రె వాలు అంత నిటారైనది. ఇందొక చిక్కు గలదు. నిలువుగా త్రవ్విన బావి నిలువు నెర్రెలను తాకకుండ వాని నడుమ దిగిపోవును గాన, లాగ్‌లో అట్టి నెర్రెలు కానరాకపోవుట అవి లేవనుటకు నిదర్శనము గాదు. ఈ పక్షపాతమును గణితముచే సరిదిద్దు విధానమును భూవిజ్ఞాని టెర్జాఘి 1965లో ప్రతిపాదించెను. దానిని అభ్యసించుట అవశ్యము.

రిగ్గుపై నుండు భూవిజ్ఞాని రేయింబవళ్లు వంతులవారీగా పనిచేయవలసియుండును. డ్రిల్లింగ్ మడ్, అనగా త్రవ్వునప్పుడు బావిలో ప్రసరింపజేయు బురదద్రవము, అకస్మాత్తుగా తగ్గుట మొదలిడినచో, బావి నెర్రెలున్న పొరను తాకియుండవచ్చును. డ్రిల్లర్‌కు అది ప్రమాదసూచకము, భూవిజ్ఞానికి అది విలువైన సమాచారము. ఇద్దరును కలసి, మొదట భద్రతను, పిదప శాస్త్రమును చూడవలెను.

విద్యామార్గము

ఈ వృత్తికి రాజమార్గము బి.ఎస్సీ. భూగర్భశాస్త్రము, తదుపరి ఎం.ఎస్సీ. లేక ఎం.టెక్. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రమునకు విభాగములు గలవు. జామ్ పరీక్షయందు జియాలజీ పత్రమును వ్రాసి ఉత్తీర్ణులైనవారు ఖరగ్‌పూర్, బొంబాయి, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీలలో ఎం.ఎస్సీ. చదువవచ్చును, వీనిలో ధన్‌బాద్ సంస్థ 1926లో గనుల విద్యాలయముగా ప్రారంభమైనది. ఇంజనీరింగుపై మక్కువగలవారికి విశాఖపట్టణములోని భారత పెట్రోలియం, శక్తి సంస్థ కలదు, అందు బి.టెక్. ప్రవేశము జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ననుసరించి జరుగును. పెట్రోలియం ఇంజనీరు చమురును వెలికిదీయు విధానమును చూచును, భూవిజ్ఞాని అది ఎచ్చటనున్నదో నిర్ణయించును. తనకేది రుచించునో తెలిసికొని అడుగిడుట మేలు.

ఉన్నతవిద్యకును, కొన్ని ప్రభుత్వరంగ సంస్థల నియామకములకును గేట్‌లోని జియాలజీ-జియోఫిజిక్స్ పత్రము ఉపకరించును. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ, కేంద్ర భూగర్భజల సంస్థలలోని కొలువులకు యు.పి.ఎస్.సి. కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష నిర్వహించును. ఆయిల్ ఇండియా, 1956లో స్థాపితమైన ఓఎన్‌జీసీ సంస్థల ప్రకటనలను ప్రతివత్సరము గమనించుచుండవలెను, ఎంపికవిధానము మారుచుండును గనుక. ప్రైవేటు రంగమున ష్లంబర్జర్, హాలిబర్టన్, బేకర్ హ్యూస్ వంటి సేవాసంస్థలు గలవు. మడ్ లాగింగ్, అనగా డ్రిల్లింగ్ మడ్‌తో పైకివచ్చు రాతిపొడిని, వాయువును పరీక్షించి నమోదుచేయుట, వృత్తికి తొలిమెట్టు. అచ్చటనుండి బావివద్ద పనిచేయు వెల్‌సైట్ జియాలజిస్టుగను, లాగ్‌లనుండి శిలాలక్షణములను లెక్కించు పెట్రోఫిజిసిస్టుగను, భూగర్భ నమూనాలు నిర్మించు రిజర్వాయర్ జియాలజిస్టుగను ఎదుగవచ్చును. పైథాన్‌లో ప్రోగ్రాములు వ్రాయగల సామర్థ్యము నేడు ఈ మెట్లన్నిటియందును అక్కరకు వచ్చును.

బహిరంగ పాఠశాల

పుస్తకము నేర్పలేని దానిని మన నేల నేర్పును. కర్నూలు ప్రాంతపు బెలుం గుహలలో నీరు సున్నపురాతి నెర్రెల వెంట ఇంకి, వానిని కరగించి, సొరంగములుగా విస్తరింపజేసినది. గండికోటలో పెన్నానది చీల్చిన కొండగోడపై శిలాఖండములు నిట్టనిలువు చీలికల వెంట విడివడియుండుట స్పష్టముగా చూడవచ్చును. రాజమహేంద్రవరము దాపున పంగిడి, కాతేరు క్వారీలలో లావా చల్లారి ఏర్పడిన బసాల్ట్ కానవచ్చును. ఇట్టి చోట్ల అనుమతి గైకొని, రక్షిత స్థలములలో సుత్తి తాకింపక, నేలపై టేపు పరచి, దాని నడ్డగించిన ప్రతి నెర్రెకును దిశ, వాలు, వెడల్పు, నిండిన పదార్థము, పొరుగు నెర్రెనుండి దూరము వ్రాసికొనుట ఉత్తమమైన అభ్యాసము. ఉపరితలపు నెర్రెలలో కొన్ని, పైబరువు తొలగినందున తరువాత విచ్చుకొనినవై యుండును గాన, వానిని యథాతథముగా లోతున నుండు శిలలకు అన్వయింపరాదనియు గుర్తుంచుకొనవలెను.

భవిష్యత్తు నిలుచునా?

చమురు ధర పడిపోయినప్పుడు ఈ రంగమున ఉద్యోగములు పోవుట వాస్తవము. 2014 తరువాతను, 2020లోను ప్రపంచమంతట అట్లే జరిగినది. వాతావరణ సంక్షోభము దృష్ట్యా చమురు వాడకము తగ్గవలెననుటయు న్యాయమే. అయినను నెర్రెల విద్య చమురుతో అంతరించునది గాదు. తెలంగాణ, రాయలసీమల కఠినశిలలలో బోరుబావికి నీరందించునవి శిథిలమైన పైపొరలును, నెర్రెలునే. ఐస్‌లాండులో బొగ్గుపులుసు వాయువును నీట కరగించి, బసాల్ట్ శిలలలోనికి పంపి, ఖనిజముగా మార్చుచున్నారు. లడఖ్‌లోని పూగా లోయయందు ఉష్ణజలము నెర్రెల మార్గముననే పైకుబుకుచున్నది. చమురుకై నేర్చిన నైపుణ్యము ఈ పనులన్నిటికిని సమముగా వర్తించును; ఇదియే నేను ఈ మార్గమును నిస్సంకోచముగా సూచించుటకు కారణము.

కావున విద్యార్థులారా, రాబోవు సెలవులలో ఒక దిక్సూచి, ఒక టేపు, ఒక నోటుపుస్తకము సంపాదించి, మీ ఊరికి సమీపమున నున్న ఒక్క రాతి ముఖమునైనను అధ్యాపకుని పర్యవేక్షణలో సంపూర్ణముగా కొలిచి, నెర్రెల దిశలను పటముగా గీయుడు. కొలిచినది వేరుగను, ఊహించినది వేరుగను వ్రాసికొనుడు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో “నెర్రెలనుగూర్చి నీకేమి తెలియును?” అని అడిగినప్పుడు, వల్లించిన నిర్వచనముకంటె స్వయముగా కొలిచిన ఆ పుటలే మీ పక్షమున గట్టిగా మాటలాడును.