ముందు టైరు, ఆఖర్న టర్బో

కారుకి పవర్ పెంచడం అనగానే మన హాస్టల్లో రెండు మాటలు వినిపిస్తాయి: ఫిల్టరు మార్చు, సైలెన్సరు మార్చు. ఇంకాస్త తెలిసినవాళ్లు మూడో మాట అంటారు, టర్బో పెట్టు అని. ఈ మూడింటి వెనక ఉన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు. ఈ వ్యాసంలో ఆ లెక్క వేద్దాం. థర్మోడైనమిక్స్‌లో, ఐసీ ఇంజన్స్‌లో మనం చదువుకున్నదానికి మించి ఇందులో ఏమీ అక్కర్లేదు. కాలిక్యులేటరు పక్కన పెట్టుకోండి, చాలు.

లెక్కకి ఒక కారు కావాలి కదా. మా పెద్దనాన్నగారి అబ్బాయి కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉద్యోగం చేస్తాడు. అతని దగ్గర 1990 మోడల్ మాజ్డా మియాటా ఉంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి జనం చూసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. ఇంజన్ ముందు ఉంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. 1597 సీసీ, నాలుగు సిలిండర్లు, 6500 ఆర్పీఎం దగ్గర 116 హార్స్‌పవర్. బరువు టన్నుకి కొంచెం తక్కువ.

అన్నయ్య డబ్బులు కూడబెట్టి టర్బో కిట్ కొందామనుకున్నాడు. "నువ్వు మెకానికల్ కదమ్మా, పెడితే ఎంత వస్తుందో లెక్కేసి చెప్పు" అన్నాడు. ఆదివారం పూట ఆ కారులో పక్క సీట్లో మా వదిన కూర్చుంటుంది. అందుకని దీన్ని ఇంటర్నల్ ఎగ్జామ్ లెక్కలా కాకుండా జాగ్రత్తగానే వేశాను.

1. ఇంజన్ అంటే గాలి పంపు

నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి తన మొత్తం పరిమాణం అంత గాలి పీలుస్తుంది. అంటే చుట్టుకి దాదాపు 0.8 లీటరు. 6500 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 5190 లీటర్లు, సెకనుకి సుమారు 86 లీటర్లు. లీటరు గాలి బరువు 1.2 గ్రాములు అనుకుందాం. ఇంజన్ పూర్తిగా నిండదు కాబట్టి వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ 85 శాతం వేసుకుందాం. సెకనుకి 88 గ్రాముల గాలి వచ్చింది.

ఫుల్ థ్రాటిల్‌లో 12.5 గ్రాముల గాలికి 1 గ్రాము పెట్రోలు అనుకుంటే, సెకనుకి 7 గ్రాముల పెట్రోలు. గ్రాముకి 44 కిలోజౌళ్లు. అంటే మనం లోపలికి పోస్తున్నది దాదాపు 310 కిలోవాట్లు. బయటికి వస్తున్న 116 హార్స్‌పవర్ అంటే 86 కిలోవాట్లు. సుమారు 28 శాతం. మిగతాది రేడియేటర్ లోంచి, సైలెన్సర్ లోంచి వేడిగా పోతుంది.

ఈ ఒక్క లెక్క బుర్రలో పెట్టుకుంటే మార్కెట్లో అమ్మే ప్రతి పార్టునీ ఒకే ప్రశ్న అడగొచ్చు: నువ్వు సెకనుకి 88 గ్రాముల గాలిని ఎంత చేస్తావు?

2. ఫిల్టరు, సైలెన్సరు ఏం చెప్తాయి?

కంపెనీ ఫిల్టరు పెట్టె తీసేసి, బానెట్ కింద శంఖంలాంటి ఓపెన్ ఫిల్టరు పెడతారు. గాలికి అడ్డు తగ్గిన మాట నిజం. కానీ ఆ గాలి ఎక్కడిది? రేడియేటర్ వెనక ఉడుకుతున్న గాలి. బయట 35 డిగ్రీలు, బానెట్ కింద 60 డిగ్రీలు అనుకుందాం. సాంద్రత కెల్విన్ ఉష్ణోగ్రతకి విలోమంగా ఉంటుంది కాబట్టి 308ని 333తో భాగిస్తే 0.925. అంటే ఏడున్నర శాతం గాలి పోయింది! అడ్డు తగ్గించి సంపాదించింది వేడి తినేసింది. చెవికి మాత్రం కారు వేగం పెరిగినట్టే ఉంటుంది, ఎందుకంటే గాలి పీల్చే చప్పుడు పెరుగుతుంది. ఫిల్టరుకి బయటి చల్లగాలి అందేలా గొట్టం, వేడి తగలకుండా మధ్యలో రేకు ఉంటేనే ఆ ఖర్చుకి కాస్త అర్థం.

సైలెన్సరు సంగతీ అంతే. పెద్ద గొట్టం పెడితే వెనక్కి తన్నే ఒత్తిడి తగ్గుతుంది, నాలుగైదు హార్స్‌పవర్ రావచ్చు. శబ్దం మాత్రం ఊరంతా వస్తుంది. అన్నయ్యకి దగ్గర్లో మాంటెరే పక్కన లగూనా సేకా రేస్ ట్రాక్ ఉంది. అక్కడ శబ్దానికి పరిమితి పెట్టి మీటరుతో కొలుస్తారు. అరిచే సైలెన్సరుతో వెళ్తే డబ్బు కట్టిన రోజు కూడా గేటు బయటే నిలబడాల్సి రావచ్చు.

3. టర్బో: ఒత్తిడి ఒకటే కాదు, వేడి కూడా

టర్బో గాలిని నొక్కి పంపిస్తుంది. బయటి ఒత్తిడి మీద 0.5 బార్ ఎక్కువ, అంటే నిష్పత్తి 1.5. "అయితే పవర్ ఒకటిన్నర రెట్లు" అని చాలామంది అంటారు. ఆగండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 300 కెల్విన్ గాలిని ఐసెంట్రోపిక్‌గా 1.5 రెట్లు నొక్కితే 337 అవుతుంది, పెరుగుదల 37. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే అసలు పెరుగుదల 53, గాలి 353 కెల్విన్. అంటే 80 డిగ్రీలు. సాంద్రత పెరిగింది 1.5 రెట్లు కాదు, 1.27 రెట్లే.

దారిలో ఇంటర్‌కూలర్ పెట్టి 45 డిగ్రీలకి దించితే 1.41 రెట్లు వస్తుంది. 116 హార్స్‌పవర్‌ని గుణించి చూస్తే ఇంటర్‌కూలర్ లేకుండా సుమారు 148, ఉంటే 164. ఇది కాగితం మీది లెక్క. గొట్టాల్లో నష్టాలు, ఎగ్జాస్ట్‌లో పెరిగే ఒత్తిడి తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. అయినా టన్ను కూడా లేని కారుకి అది చిన్న మార్పేం కాదు.

"చూశావా, నలభై దాకా పెరుగుతోంది!" అన్నాడు అన్నయ్య. పెరుగుతుంది, నిజమే. ఆ పెరిగిందాన్ని మోసేది ఎవరో కూడా చూడాలి కదా.

4. మోసేవాళ్ల వరుస

ముందు పెట్రోలు. ఆ 1.6 ఇంజన్‌లో ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి దాదాపు 210 సీసీ పోస్తుంది. నాలుగూ కలిపి, 85 శాతం డ్యూటీ సైకిల్‌తో, గంటకి సుమారు 32 కిలోలు. టర్బో ఇంజన్‌ని చల్లగా ఉంచడానికి మిశ్రమం చిక్కగా ఇవ్వాలి. హార్స్‌పవర్‌కి గంటకి 0.27 కిలో అనుకుంటే ఆ ఇంజెక్టర్లు మోయగలిగింది 117 హార్స్‌పవర్ దాకానే. అంటే టర్బో పెట్టి పాత ఇంజెక్టర్లు ఉంచితే, గాలి 164కి, పెట్రోలు 117కి. మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కరుగుతుంది.

తర్వాత కొలత. ఆ మోడల్‌లో గాలిని కొలిచేది స్ప్రింగుతో ఉండే ఒక రేకు తలుపు. గాలి తోసిన కొద్దీ తెరుచుకుంటుంది. పూర్తిగా తెరుచుకున్నాక ఇంకెంత గాలి వచ్చినా దానికి తెలీదు, ఈసీయూకి చెప్పలేదు. కాబట్టి విడిగా ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ, మిశ్రమం ఎలా ఉందో చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ కూడా కొనాలి.

మూడోది నాక్. ఆ ఇంజన్ కంప్రెషన్ 9.4. దాని మీద బూస్ట్ వేస్తే స్పార్క్ నుంచి వచ్చే మంట చేరకముందే మూలన ఉన్న మిశ్రమం తనంతట తనే పేలుతుంది. దాన్ని ఆపాలంటే స్పార్క్ కాస్త ఆలస్యం చేయాలి, మంచి పెట్రోలు పోయాలి. ఇక్కడ మనవాళ్లు పడే తికమక ఒకటుంది. కాలిఫోర్నియా బంకులో కనిపించే 91, మన బంకులో చెప్పే 91 ఒకటి కావు. అక్కడ రీసెర్చ్, మోటార్ ఆక్టేన్ రెండింటి సగటు రాస్తారు, ఇక్కడ రీసెర్చ్ ఆక్టేన్ రాస్తారు. అక్కడి 91 మన కొలతలో 95 పైమాటే.

ఇక క్లచ్, డిఫరెన్షియల్. 1.6 మియాటాలో డిఫరెన్షియల్ రింగ్ గేర్ 6 అంగుళాలది. 1994లో 1.8 ఇంజన్ తెచ్చినప్పుడు మాజ్డా దాన్ని 7 అంగుళాలు చేసింది. కంపెనీ తన కారుకి కొంచెం పవర్ పెంచగానే ఎక్కడ బలం కలిపిందో గమనించండి. ముందు బ్రేక్ డిస్కుని కూడా అప్పుడే 235 మిల్లీమీటర్ల నుంచి 255కి పెంచింది. సొంత కారు మార్చుకునేవాడికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉండదు.

5. ఆగడం సంగతి ఏంటి?

మనిషితో కలిపి కారు 1050 కిలోలు అనుకుందాం. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో గతిజ శక్తి 405 కిలోజౌళ్లు. 130కి వెళ్తే 684. వేగం 30 శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన వేడి 69 శాతం పెరిగింది. ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ నేల దాకా దిగిపోతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. గాల్లో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే ఖరీదైన పెద్ద డిస్కుల కంటే ముందు కొత్త ఆయిలు, మంచి ప్యాడ్లు.

అసలు కారుని ఆపేది బ్రేకు కాదు, టైరు. 100 వేగం నుంచి ఆగే దూరం, వేగం వర్గాన్ని 2, ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం మూడింటి లబ్ధంతో భాగిస్తే వస్తుంది. ఘర్షణ గుణకం 0.8 అయితే 49 మీటర్లు. 1.0 అయితే 39 మీటర్లు. ఆ పది మీటర్ల తేడా ఏ హార్స్‌పవరూ ఇవ్వదు. మలుపులో పట్టుకీ అదే గుణకం.

అందుకని అన్నయ్యని ఒక పని చేయమన్నాను. టైరు పక్కన డాట్ అని ఉండే వరుసలో చివరి నాలుగు అంకెలు చదవమన్నాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కిందకి వెళ్లి చూసొచ్చి, కాసేపు ఏం మాట్లాడలేదు. గాడులు బాగానే ఉన్నాయి కానీ టైర్ల వయసు పదేళ్లు దాటింది. రబ్బరు గట్టిపడితే గాడి ఎంత లోతున్నా పట్టు ఉండదు.

6. స్ప్రింగు కోయకండి

కారు కిందికి దిగితే అందంగా ఉంటుందని స్ప్రింగు చుట్లు కోయించేవాళ్లు మనూళ్లో కూడా ఉన్నారు. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకి విలోమం. ఆరు చుట్లలో ఒకటి కోస్తే 20 శాతం గట్టిపడుతుంది. షాక్ అబ్సార్బర్ మాత్రం పాత స్ప్రింగుకి సరిపడేదే. పైగా చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు తగ్గి, చిన్న గతుక్కే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. మలుపు మధ్యలో అలా కొట్టుకుంటే ఆ చక్రం పట్టు హఠాత్తుగా వదిలేయొచ్చు. మార్చాలంటే స్ప్రింగు, షాక్ జతగా మార్చి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

7. చట్టం

కాలిఫోర్నియాలో ఆ వయసు కారుకి రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష ఉంటుంది. పొగతో పాటు బానెట్ లోపల కంటితోనూ చూస్తారు. టర్బో కిట్‌కి కార్బ్ అనే ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేకపోతే, పొగ శుభ్రంగా ఉన్నా ఫెయిలే.

మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని వివరిస్తూ చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇక్కడ టర్బో కిట్ లెక్క కాగితం మీదే వేసుకోవాలి. టైర్లు, ప్యాడ్లు, ఆయిలు మాత్రం కంపెనీ చెప్పిన సైజులో, రకంలో ఎంత మంచివైనా కొనుక్కోవచ్చు, ఎవరూ అడగరు.

8. చివరికి తేలిన వరుస

అన్నయ్యకి రాసి పంపిన వరుస ఇది.

మొదట ఆరోగ్యం: నాలుగు సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష, రేడియేటర్, టైమింగ్ బెల్టు. 1991 దాకా వచ్చిన ఆ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముక్కు పొట్టిగా ఉంటుంది. బెల్టు మార్చేటప్పుడు ముందు బోల్టు సరైన టార్కుతో బిగించకపోతే లోపలి కీ, గాడి అరిగిపోతాయి.
రెండు, టైర్లు.
మూడు, బ్రేక్ ఆయిలు, ప్యాడ్లు.
నాలుగు, షాకులు, స్ప్రింగులు, అలైన్‌మెంట్.
ఐదు, ట్రాక్ మీద ఒక రోజు, పక్కన నేర్పేవాళ్లతో. అన్నిటికంటే చవగ్గా వేగం పెంచేది డ్రైవరే.
ఆరు, అప్పటికీ చాలకపోతే టర్బో. దానితో పాటు ఇంజెక్టర్లు, ఈసీయూ, క్లచ్, పెద్ద డిఫరెన్షియల్, ఆర్డర్ నంబరు.

అన్నయ్య ఐదు దాకా వచ్చాడు. "టర్బో డబ్బు ఇంకా సగం మిగిలే ఉందమ్మా, మలుపుల్లో మాత్రం ఇది నా కారేనా అనిపిస్తోంది" అన్నాడు. వదిన ఇప్పుడు డోరు పట్టుకోకుండా కూర్చుంటోందట.

మీలో చాలామందికి కారు లేకపోవచ్చు, బైక్ ఉంటుంది. సైలెన్సరు మార్చాలని అనుకుంటున్నవాళ్లు ముందు పార్కింగ్‌కి వెళ్లి, వెనక టైరు మీద ఆ నాలుగు అంకెలు చదవండి.