మూడు ఆదాయాలు, ఒకటే గండం

ఆదిలాబాద్

శ్రావణీ,

ఎంబీఏలో ఫైనాన్స్ తీసుకున్నావని, పోర్ట్‌ఫోలియో సిద్ధాంతం, రిస్క్ మేనేజ్‌మెంట్ పేపర్లు రెండూ ఈ సెమిస్టర్‌లోనే ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. సంతోషం బిడ్డా. బ్యాంకులో ఏండ్ల తరబడి పంట లోన్ల ఫైళ్లు చూసినవాడిగా నీకు కొన్ని మాటలు చెప్పాలని రాస్తున్నా.

పెట్టుబడి నాలుగు చోట్ల పెట్టాలన్న సంగతి హ్యారీ మార్కోవిట్జ్ 1952లో వ్యాసం రాయకముందే లోకానికి తెలుసు. ఆ నాలుగూ కలిసి పడతాయా, దేనికది పడుతుందా అన్నది లెక్క కట్టి చూపింది ఆయన. 1990లో నోబెల్ వచ్చింది ఆ పనికే. ఆ కోవేరియెన్స్ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేయకు.

మన జైనథ్ వైపు ఒక పత్తి రైతు ఇల్లు తీసుకో. నల్లరేగడిలో పత్తి, సాళ్ల మధ్య కంది. చిన్న కొడుకు టౌన్‌లో జిన్నింగు మిల్లులో హమాలీ. పెద్దవాడికి ఊళ్లోనే ఎరువులు, పురుగుమందుల దుకాణం, అంతా ఉద్దెర మీదే. లోన్ ఫారంలో మూడు ఆదాయాలు మూడు గడుల్లో ఉంటాయి. వానాకాలం నడుమ నెల రోజులు చినుకు పడకపోతే చేన్లో కాయ నిలవదు, మిల్లుకు పత్తి రాక కూలి దొరకదు, ఉద్దెర వసూలు కాదు. మూడూ ఒక్కసారే పోతాయి. అదే ఇంట్లో ఒకరు దుబాయిలో ఉంటే ఆ జీతానికి ఇక్కడి వానతో పనిలేదు. జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లు గల్ఫ్ బాట పట్టడంలో ఈ లెక్క కూడా ఉంది.

ఇదే లెక్క మీద రోజెన్‌జ్వైగ్, స్టార్క్ 1989లో రాసిన వ్యాసం లైబ్రరీలో దొరికితే తప్పక చదువు. ఆడపిల్లల్ని దూరపు ఊళ్లకు ఇచ్చిన ఇళ్లలో తిండి ఖర్చు అంతగా ఊగలేదని ఇక్రిశాట్ సర్వే చేసిన ఊళ్ల లెక్కలతో చూపారు.

రిస్క్ పేపర్‌కైతే 2010 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను మించిన పాఠం లేదు. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఆడవాళ్లను గ్రూపులు కట్టించి, ఒకరికొకరిని జామీను పెట్టి, వారం వారం కిస్తీ వసూలు చేసేవి. దాదాపు నూటికి నూరు వసూళ్లని చెప్పుకునేవి. అప్పు మీద అప్పు, వేధింపులు, ఆత్మహత్యల వార్తలు పెరిగాక అక్టోబరులో ప్రభుత్వం ఆ వసూళ్లకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి. గ్రూపంతా ఒకేసారి ఆగిపోతే ఆ జామీనుకు విలువేముంది? అప్పుల్లో పెద్ద భాగం ఇక్కడే ఉన్న స్పందన, షేర్ లాంటి సంస్థలు గడువులు మార్చమని బ్యాంకుల దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. వేరే రాష్ట్రాల్లో ఎక్కువ ఇచ్చిన ఎస్‌కెఎస్ నష్టపోయినా ఆ దారి పట్టకుండానే నిలబడింది. అందుకే, వాల్యూ ఎట్ రిస్క్ పాఠంలో నష్టం 99 శాతం రోజుల్లో ఇంత దాటదు అన్నప్పుడు, మిగిలిన ఆ ఒక్క శాతం సంగతేమిటని సార్‌ను అడుగు. విసుక్కున్నా అడుగు.

ప్రాజెక్టుకు అందరిలా నిఫ్టీ షేర్లు తీసుకోకు. ఆదిలాబాద్ పత్తి, వరంగల్ మిర్చి, నిజామాబాద్ పసుపు ధరలు ప్రభుత్వ సైటు అగ్‌మార్క్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కరువు ఏండ్లను విడిగా పెట్టి కోరిలేషన్ రెండుసార్లు కట్టు. ధర దగ్గరే ఆగిపోకు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమ వరకే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు. ధర పడిపోతే ఫ్యూచర్స్‌తో కాచుకోవచ్చేమో గానీ, మంచుకు తడిసిన పత్తికి అవి అక్కరకు రావు.

దీపావళికి వచ్చినప్పుడు పత్తి మార్కెట్ యార్డుకు తీసుకెళ్తా. తేమ మీటరు పెట్టే చోట ఒక పూట నిలబడి చూసి, ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలుపెట్టు.

మీ మామ