అల్యూమినియపు తీగతో పొరపొరగా కట్టుట

మన వాకాటికి దక్షిణముననున్న శ్రీహరికోటనుండి 2024 మే 30వ తేదీని అగ్నిబాణ్ అను చిన్న రాకెట్టు పైకెగసెను. దాని ఇంజను అతుకులు లేక, లోహపుపొడిని పొరపొరగా కరిగించి యొకే తునకగా చేయబడినది. పొడికి మాఱుగా తీగను కరిగించు పద్ధతియు గలదు. పెద్ద వస్తువులకిది యనుకూలము. అమెరికాలో 2023 మార్చి నెలలో ఎగసిన టెర్రన్ 1 రాకెట్టుయొక్క దేహము అల్యూమినియపు తీగతో నిట్లు కట్టబడినదే. పై యంచెలోని ఇంజను లోపముచే నది కక్ష్యను చేరకపోయినను, దేహము మార్గమందలి గాలి యొత్తిడికి తాళెను.

ఈ పనిలో విద్యుచ్చాపముచే తీగకొన కరగి, క్రింది పొరమీద పడి గట్టిపడును. చూచుటకు సులభమేగాని, అల్యూమినియమునందు మూడు చిక్కులు గలవు.

మొదటిది తేమ. తీగమీది చెమ్మ చాపపు వేడికి విడిపోయి హైడ్రోజను వాయువగును. కరగిన అల్యూమినియము దీనిని విస్తారముగా పీల్చుకొనును. గట్టిపడునప్పుడు అందు సుమారు ఇరువదవ వంతు మాత్రమే యిముడును. తక్కినది వెలికి పోజాలక బుడగలై లోపల నిలుచును. మనవంటి సముద్రతీరమున తీగను పొడిగా మూసియుంచుట మిక్కిలి యవసరము.

రెండవది పైపొర. అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడున కరగును. గాలి తగిలి దానిపై నేర్పడు ఆక్సైడు 2000 డిగ్రీలు దాటినగాని కరగదు. అది నడుమ చిక్కినచో పొరలు కలియవు. అందుచే తీగను, క్రింది పొరను శుభ్రపఱచి, ఆర్గాను వాయువు కప్పులో పని చేయుదురు.

మూడవది వేడి. మట్టిగోడ పెట్టువారు క్రింది వరుస ఆఱక మునుపు పై వరుస పెట్టరు. పెట్టినచో గోడ జాఱును. ఇచ్చటను క్రింది పొర తగినంత చల్లాఱనిచో క్రొత్త లోహము ప్రక్కలకు పాఱి, ఎత్తు తగ్గి, కొలత తప్పును.

కావున పొరపొరకును వెడల్పు, ఎత్తు, వేడి, విద్యుత్ప్రవాహము కొలిచి వ్రాసికొందురు. పని ముగిసిన పిమ్మట ఎక్సురే కిరణములతో లోపలి బుడగలను వెదకుదురు. మాదిరి తునకలను కోసి, తెగువఱకు లాగి బలమును తెలిసికొందురు. అయినను తుదిపరీక్ష దోషమును చూపునేగాని తీర్పజాలదు; అప్పుడు వస్తువంతయు పాఱవేయవలసివచ్చును. దోషమును దాని పొరయందే పట్టినచో ఆ యొక్క పొరను చెక్కి మరల వేయవచ్చును. పైకి నునుపుగా కనబడినంతమాత్రమున వస్తువు మంచిదని యెంచరాదు. విద్యార్థులారా, ఈ పనిలో కొలతపుస్తకము పనిముట్లతో సమానమని గ్రహింపుడు.